ఫర్నేస్ ఆగిన చోటే అసలు కబురు

ఇల్లు చల్లబరచుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. కూలర్‌లో గడ్డి మార్చడం, ఏసీ ఫిల్టరు కడగడం, ఎండాకాలం కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లడం చూస్తూ పెరిగాం. ఇల్లు వెచ్చబరచుకోవడం మాత్రం అమెరికా వచ్చాకే నేర్చుకోవాల్సి వచ్చింది. అందుకే మనవాళ్లలో చాలామందికి బేస్‌మెంట్‌లో ఉన్న గ్యాస్ ఫర్నేస్ అంటే ఒక ఇనుప బీరువా. నడిచినన్నాళ్లూ దాని వైపు చూడరు, ఆగిన రాత్రి దాని ముందు నిలబడి ఏం చేయాలో తోచదు.

నా ఉద్యోగమంతా న్యూజెర్సీలో ఈ ఫర్నేస్‌ల మరమ్మతులోనే గడిచింది. రిటైరయ్యాక పనిముట్ల పెట్టె పక్కన పెట్టాను కానీ జనవరి వచ్చిందంటే ఫోన్లు మాత్రం ఆగవు. అడిగేవాళ్లకు చెప్పేవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. వీటిలో కొన్ని మీ చేతులతో చేయగలిగినవి, కొన్ని చూసి తెలుసుకోవాల్సినవి మాత్రమే. ఏది ఏ రకమో అక్కడే చెబుతాను.

1. ముందు ముక్కు, తర్వాతే చెయ్యి

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోందంటే ఇక మరమ్మతు ఆలోచనే వద్దు. సహజ వాయువుకు సొంత వాసన ఉండదు. లీకయితే తెలియాలని గ్యాస్ కంపెనీలే మెర్కాప్టాన్ అనే వాసన పదార్థం కలుపుతాయి. ఆ వాసన తగలగానే లైటు వేయకండి, వేసి ఉన్నది ఆపకండి, ఫోన్ కూడా లోపల వాడకండి. పిల్లల్నీ పెద్దల్నీ తీసుకుని బయటికి నడవండి. దూరంగా వెళ్లాక గ్యాస్ కంపెనీ ఎమర్జెన్సీ నంబరుకో 911కో ఫోన్ చేయండి.

కార్బన్ మోనాక్సైడ్ ఇంకో రకం ప్రమాదం. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతున్నాయంటే జ్వరం మాత్రలతో సరిపెట్టుకోవద్దు. అలారం నాలుగేసి కూతలు కూసి, ఆగి, మళ్లీ కూస్తుంటే వాయువు ఉన్నట్టు. నిమిషానికోసారి ఒక్క కూత అయితే సాధారణంగా బ్యాటరీ అయిపోయినట్టో, అలారం ఆయుష్షు తీరినట్టో. ఈ అలారాలు ఊరికే కూయవు. గాలిలో 70 పీపీఎం ఉంటే కనీసం గంట గడిచాక, 400 పీపీఎం ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లోపు మోగేలా ప్రమాణం పెట్టారు. నాలుగేసి కూతలు వినిపిస్తుంటే బ్యాటరీ పీకేసి పడుకోవడం కంటే తెలివితక్కువ పని లేదు.

2. గ్యాస్ ఉన్నా కరెంటు లేనిదే వేడి రాదు

గ్యాస్‌తో నడిచేదానికి కరెంటుతో పనేముందని చాలామంది అనుకుంటారు. ఫ్యాన్లకూ, బోర్డుకూ, గ్యాస్ వాల్వుకూ, నిప్పు అంటించే ఇగ్నైటర్‌కూ అన్నిటికీ కరెంటే ఆధారం. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు, గ్యాస్ వస్తున్న ఇళ్లు కూడా గడ్డకట్టాయి. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు నడిపి, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. జనరేటర్ వాడాల్సి వస్తే ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయటే పెట్టాలి.

ఫర్నేస్‌లో ఉలుకూ పలుకూ లేకపోతే ముందు నాలుగు చోట్ల చూడండి. బ్రేకర్ ప్యానెల్‌లో దాని బ్రేకర్. బేస్‌మెంట్ మెట్ల దగ్గరో ఫర్నేస్ పక్కనో ఉండే స్విచ్, చాలా ఇళ్లలో దీనికి ఎర్ర పలక ఉంటుంది. ఫర్నేస్ కింది తలుపు సరిగ్గా మూసుకుందా అన్నది. చివరగా, బోర్డు మీద కార్లలో వాడే రకం 3 లేదా 5 ఆంపియర్ల చిన్న ఫ్యూజు. తలుపు వెనక ఒక బటన్ స్విచ్ ఉంటుంది. ఫిల్టర్ మార్చాక తలుపు కాస్త వంకరగా పడినా అది నొక్కుకోదు, యంత్రం బతకదు.

ఆ ఎర్ర పలక స్విచ్ గురించి మన ఇళ్ల కోసం ప్రత్యేకంగా ఒక మాట. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, గదిలోంచి వస్తూ కనిపించిన ప్రతి స్విచ్చీ ఆపే అలవాటు పెద్దాయనకు ఉంటుంది. అది చూడ్డానికి లైటు స్విచ్ లాగే ఉంటుంది. దాని మీద తెలుగులో ఒక చీటీ అంటించండి.

3. మెట్లు దిగేముందు గోడ మీదున్నదాన్ని చూడండి

థర్మోస్టాట్ 'హీట్' మీద ఉందా? ఫ్యాన్ 'ఆటో' మీద ఉందా? ఫ్యాన్ 'ఆన్'లో ఉంటే మంట లేని సమయంలోనూ గాలి వీస్తూనే ఉంటుంది. ఆ గాలి చల్లగా తగిలి ఫర్నేస్ చెడిపోయిందనిపిస్తుంది. బ్యాటరీతో నడిచేదైతే కొత్త బ్యాటరీలు వేసి చూడండి. వంటింట్లో గ్యాస్ స్టవ్ ఉంటే అది వెలుగుతోందేమో చూస్తే గ్యాస్ సరఫరా సంగతి కూడా తేలిపోతుంది. ఈ చిన్న సంగతులు చూసుకోకుండా రాత్రిపూట మనిషిని పిలిపిస్తే, బ్యాటరీ మార్చినందుకు ఎమర్జెన్సీ రేటు కట్టాల్సి వస్తుంది.

4. అది పనిచేసే వరస నోటికి రావాలి

మొత్తం విద్యలో సగం ఇదే. ఫర్నేస్ బాగున్న రోజున ఒకసారి కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చోండి. ఇంట్లో ఎవరినైనా థర్మోస్టాట్ ఐదు డిగ్రీలు పెంచమనండి. ఇక చెవులు అప్పగించండి.

మొదట బోర్డులో చిన్న 'టిక్'. వెంటనే ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ సన్నగా హోరుమంటుంది. పొగను గొట్టం గుండా బయటికి లాగేది అదే. అది తగినంత లాగుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకోవాలి, అప్పుడు ఇంకో 'టిక్' వినిపిస్తుంది. కొన్ని సెకన్లు పాత గాలిని బయటికి తోస్తుంది. తర్వాత చిన్న కిటికీలోంచి చూస్తే ఇగ్నైటర్ ముందు ఎర్రగా, తర్వాత నారింజ రంగులో కాలుతుంది. ఇరవై ముప్పై సెకన్లలో గ్యాస్ వాల్వు 'టక్'మని తెరుచుకుంటుంది. మొదటి బర్నర్ భగ్గుమని అంటుకుని, ఆ మంట పక్కపక్క బర్నర్లకు చివరిదాకా పాకుతుంది. ఆ చివర ఫ్లేమ్ సెన్సర్ అనే సన్నటి కడ్డీ, మంట నిజంగా ఉందని బోర్డుకు చెబుతుంది. మరో అర నిమిషానికి పెద్ద బ్లోవర్ తిరిగి వేడిగాలిని గదుల్లోకి పంపుతుంది. గది వేడెక్కాక మంట ఆరిపోయినా, బ్లోవర్ రెండు నిమిషాల దాకా తిరిగి మిగిలిన వేడిని తోడేసి ఆగుతుంది.

ఈ వరసలో ఏ మెట్టూ తప్పదు. ఒక మెట్టు ఒప్పుకుంటేనే తర్వాతి మెట్టు. కాబట్టి 'హీట్ రావట్లేదు' అన్న మాటకు నా దగ్గర విలువ లేదు. 'ఇండ్యూసర్ తిరుగుతోంది, ఇగ్నైటర్ ఎర్రబడట్లేదు' అనండి, సగం జబ్బు తెలిసిపోయినట్టే.

5. లైటు మెరుపులు లెక్కపెట్టాకే స్విచ్ ఆపండి

కింది తలుపుకున్న చిన్న గాజుకంతలోంచి చూస్తే బోర్డు మీద ఒక చిన్న లైటు మెరుస్తుంటుంది. మూడు మెరుపులు, విరామం, మళ్లీ మూడు మెరుపులు: అది మీకు చెబుతున్న కబురు. ఏ లెక్కకు ఏ అర్థమో తలుపు లోపలి వైపు అంటించిన కాగితం మీద ఉంటుంది. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి అర్థాలు మారతాయి. స్నేహితుడి ఇంట్లో మూడు మెరుపులు ఒకటైతే మీ ఇంట్లో మరొకటి.

మనవాళ్లు చేసే మొదటి పని, కంప్యూటర్ అలవాటు కొద్దీ ఆపి మళ్లీ వేయడం. కొన్ని బోర్డులు కరెంటు తీయగానే పాత కోడ్ మరిచిపోతాయి. ముందు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, ఆ తర్వాత ఏం చేసినా చేయండి. మూడు నుంచి ఐదుసార్లు ప్రయత్నించి వెలగకపోతే బోర్డు తనంతట తాను తాళం వేసుకుంటుంది. చాలా మోడల్స్‌లో గంటకు, కొన్నిటిలో మూడు గంటలకు మళ్లీ తానే ప్రయత్నిస్తుంది. 'పొద్దున్న దానంతటదే బాగయింది' అన్న ఇళ్లలో చాలాసార్లు జరిగింది ఇదే. జబ్బు నయం కాలేదు, తాళం గడువు తీరిందంతే.

6. ఆపినదాన్ని తప్పుపట్టకండి

ఇన్నేళ్ల పనిలో నేను గట్టిగా నమ్మిన సంగతి ఒక్కటే. ఫర్నేస్‌ను ఆపిన పరికరం చెడిపోవడం అరుదు. అది తన పని తాను చేసింది. చెడిపోయింది వేరే చోట.

ప్రెషర్ స్విచ్ కోడ్ వచ్చిందంటే స్విచ్ మార్చేయడం తొందరపాటు. పొగగొట్టానికి ఏదో అడ్డుపడి ఉండొచ్చు, స్విచ్‌కు వెళ్లే రబ్బరు గొట్టం బీటలు వారి ఉండొచ్చు, అందులో నీళ్లు నిలిచి ఉండొచ్చు, ఇండ్యూసర్ బలహీనపడి ఉండొచ్చు. అవన్నీ చూశాకే స్విచ్ సంగతి. లిమిట్ స్విచ్ తెగిందంటే లోపల వేడి హద్దు దాటింది, అంటే గాలి సరిగ్గా ఆడట్లేదు. రోలౌట్ స్విచ్ పడిందంటే మంట ఉండాల్సిన చోటు దాటి బయటికి వచ్చింది. మూడింటిలోనూ ఇదే ఎక్కువ ప్రమాదకరం. దాని మీద చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే ఫర్నేస్ మళ్లీ నడుస్తుంది కూడా. నొక్కకండి. మనిషిని పిలవండి.

ఇంటర్నెట్‌లో చూసి ఆ స్విచ్‌ను దాటించి వైరు కలిపేసే తెలివైనవాళ్లుంటారు. దొంగ వచ్చాడని కేక వేసినందుకు కాపలావాడి నోట్లో గుడ్డలు కుక్కినట్టు ఉంటుంది ఆ పని. పైగా ప్రెషర్ స్విచ్ విషయంలో అది సాగదు కూడా. ఇండ్యూసర్ తిరగకముందే ఆ స్విచ్ కలిసి ఉందా అని బోర్డు ముందే పరీక్షిస్తుంది. కలిసి ఉంటే మొదలే పెట్టదు.

7. వెలిగి నాలుగు సెకన్లకు ఆరితే, కడ్డీ తుడవండి

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫోన్ ఇది. ఎడిసన్‌లో ఉండే ఒక అమ్మాయి చేసింది.

"బాబాయి గారూ, వెలుగుతోంది, వెంటనే ఆరిపోతోంది."

"ఎంతసేపు వెలుగుతోంది తల్లీ? పైకి లెక్కపెట్టు."

"ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఆరింది."

"మళ్లీ వెలిగితే?"

"మళ్లీ నాలుగే, బాబాయి గారూ."

ప్రతిసారీ అదే లెక్క దగ్గర ఆరుతోందంటే గ్యాస్ ఉంది, ఇగ్నైటర్ ఉంది, మంటా ఉంది. మంట ఉందన్న సంగతే బోర్డుకు చేరట్లేదు. మంటలో ఉండే అయాన్ల వల్ల ఫ్లేమ్ సెన్సర్ కడ్డీ నుంచి మంట గుండా కాస్త కరెంటు పారుతుంది, అదీ ఒకే దిశలో. ఆ కరెంటు మైక్రో ఆంపియర్లలో ఉంటుంది, మామూలుగా 1 నుంచి 6 దాకా. కడ్డీ మీద ఏళ్ల తరబడి కంటికి సరిగ్గా ఆనని పొర పేరుకుంటే ఆ కాస్తా పడిపోతుంది. మంట లేదనుకుని బోర్డు గ్యాస్ ఆపేస్తుంది.

చేయాల్సింది చిన్న పని. స్విచ్ ఆపండి, గ్యాస్ కుళాయి కూడా మూయండి. చివరి బర్నర్ దగ్గర తెల్లటి పింగాణీ మొదలున్న సన్న కడ్డీ ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. వైరు లాగి, స్క్రూ తీసి, కడ్డీని సన్నటి స్టీల్ ఊల్‌తోనో, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ కొత్తదానితోనో నెమ్మదిగా రుద్దండి. గరుకు కాగితం వద్దు, గీతలు పడితే మురికి మరింత తొందరగా పట్టుకుంటుంది. పింగాణీ పగలకుండా చూసుకుని తిరిగి బిగించండి.

తుడిచినా అదే జరుగుతోందంటే ఎర్త్ వైరు వదులైందేమో చూపించండి. ఆ కరెంటు బర్నర్ ఇనుము మీదుగా ఎర్త్‌లోకే తిరిగి వెళ్లాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ కలుపు లేని కొన్ని పోర్టబుల్ జనరేటర్ల మీద బంగారంలాంటి ఫర్నేస్ కూడా ఇలాగే వెలిగి ఆరేది ఇందుకే.

8. ఇగ్నైటర్‌ను వేళ్లతో తాకకండి

ఇండ్యూసర్ తిరిగి, ప్రెషర్ స్విచ్ ఒప్పుకుని, ఆ తర్వాత ఎర్రటి వెలుగే లేకపోతే ఇగ్నైటర్ పోయినట్టు అనుమానించాలి. అది పెళుసు సామాను. సన్నటి బీట పడితే చాలు. ఆ బీట దగ్గర తెల్లటి మచ్చ కనిపిస్తుంది ఒక్కోసారి. పాత సిలికాన్ కార్బైడ్ రకానికి చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే మామూలుగా 40 నుంచి 90 ఓమ్‌ల మధ్య చూపాలి, తెగిపోతే ఏమీ చూపదు. తర్వాత వచ్చిన సిలికాన్ నైట్రైడ్ రకం గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది. కొత్తది బిగించేటప్పుడు చేతి జిడ్డు అంటితే ఆ చోట వేడి హెచ్చి తొందరగా పగులుతుందని మేము మొదలు మాత్రమే పట్టుకుంటాం.

9. ఖాళీ గది వెంట్ మూస్తే గ్యాస్ మిగలదు

కాసేపు నడిచి, మంట ఆరి, బ్లోవర్ మాత్రం తిరుగుతూ, మళ్లీ వెలుగుతుంటే అది లిమిట్ స్విచ్ పని. మొదటి అనుమానం ఫిల్టర్ మీదే. అంగుళం మందం ఫిల్టర్‌ను శీతాకాలంలో నెలకోసారి చూడండి, గరిష్ఠంగా మూడు నెలలకు మార్చండి. అలర్జీలకు మంచిదని మరీ దట్టమైన ఫిల్టర్ తెచ్చి వేసినా గాలికి అడ్డే. సాంబ్రాణి, అగరుబత్తి, రోజూ పోపు పెట్టే వంటిల్లు ఉన్న ఇళ్లలో పెట్టె మీద రాసిన గడువు కంటే ముందే నిండుతుంది.

రెండో అనుమానం మన పొదుపు మీద. వాడని గదుల వెంట్‌లన్నీ మూసేస్తే గ్యాస్ బిల్లు తగ్గుతుందనుకుంటాం. గదికో వేడి అన్న ఊహ కొత్తదేం కాదు. 1919లో మా రాష్ట్రంలోని మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ పేటెంట్ పొందిన గ్యాస్ ఫర్నేస్‌లో విడివిడి బర్నర్లు, వాటికి విడివిడి గాలి గొట్టాలు ఉన్నాయి. మన ఇళ్లలో ఉన్నది అది కాదు. ఒకే మంట, ఒకే బ్లోవర్. దారులు మూస్తే వేడి లోపలే నిలుస్తుంది. ఫర్నేస్ పేరు పలక మీద 40 నుంచి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ అనో, ఆ మాదిరిగానో ఒక లెక్క రాసి ఉంటుంది. లోపలికి వెళ్లే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య తేడా అందులో ఉండాలి. అంతకు మించితే యంత్రం ఊపిరాడక కాలుతున్నట్టే.

10. తెల్ల ప్లాస్టిక్ గొట్టం ఉంటే నీళ్లనూ మంచునూ చూడండి

పొగగొట్టం ఇనుముదైతే మామూలు ఫర్నేస్. ప్లాస్టిక్ పీవీసీ అయితే 90 శాతం పైన సామర్థ్యమున్న రకం. పొగలోని వేడిని చివరిదాకా పిండుకోవడంతో ఆవిరి నీరై కారుతుంది. ఆ నీరు కాస్త ఆమ్లం. అది బయటికి పోయే సన్న గొట్టం, దాని మలుపులోని ట్రాప్ పాచితో మూసుకుపోతే నీళ్లు వెనక్కి నిలిచి ప్రెషర్ స్విచ్ పడిపోతుంది. ఫర్నేస్ లోపల గుడగుడమన్న చప్పుడు వింటే ముందు ఇదే చూడాలి. మంచు పడిన రోజున గోడ బయట ఆ ప్లాస్టిక్ గొట్టాల నోళ్లు మంచులో కూరుకుపోయాయేమో చూసి చేత్తో తొలగించండి. ఇది మీ పనే, దీనికి ఎవరినీ పిలవక్కర్లేదు.

డాలస్ వైపు బేస్‌మెంట్లు ఉండవు. అక్కడ ఫర్నేస్ చాలావరకు అటక మీద ఉంటుంది. గడ్డకట్టే చలి వచ్చినప్పుడు అటక మీద ఈ నీరు పోయే గొట్టం కూడా గడ్డకట్టొచ్చు, కరిగాక బెడ్‌రూం సీలింగ్ మీద మరక పడొచ్చు.

11. మంట రంగు చూడటం నేర్చుకోండి

బాగున్న మంట నీలంగా, నిలకడగా, గొట్టంలోకి చూపు పెట్టినట్టు తిన్నగా సాగుతుంది. పసుపుగా, సోమరిగా నాలుకలు చాస్తుంటే గ్యాస్ సరిగ్గా కాలట్లేదు. ఊడ్చేటప్పుడు లేచిన దుమ్ముకు అప్పుడప్పుడూ నారింజ మెరుపులు వస్తే భయపడక్కర్లేదు. అసలు చూడాల్సింది పెద్ద బ్లోవర్ తిరగడం మొదలైన క్షణం. అప్పటిదాకా నిలకడగా ఉన్న మంట ఒక్కసారిగా ఊగిందంటే, పొగకూ ఇంటి గాలికీ మధ్య గోడలా ఉండే హీట్ ఎక్స్‌చేంజర్‌లో బీట ఉందని అనుమానించాలి. అలా కనిపిస్తే ఫర్నేస్ ఆపేసి పిలవండి. గ్యాస్ వాల్వు సర్దడం, మంట సర్దడం మీటర్లున్నవాళ్ల పని. సహజ వాయువుకు బర్నర్ దగ్గర ఒత్తిడి సాధారణంగా 3.5 అంగుళాల నీటి మట్టం అంత మాత్రమే ఉండాలి. అందాజాతో తిప్పే స్క్రూ కాదది.

12. వచ్చినవాణ్ణి ఒక ప్రశ్న అడగండి

సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒకసారి నడిపించి చూసుకోండి. మొదటి చలి రాత్రి ఊరందరి ఫర్నేస్‌లూ ఒకేసారి ఆగుతాయి, మనిషి దొరకడు. న్యూజెర్సీలో కాంట్రాక్టరుకు రాష్ట్ర లైసెన్సు ఉండాలి, టెక్సస్‌లోనూ అంతే. నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఫోన్‌లోనే మోడల్ నంబరు, ఎన్నేళ్లదో, ఎన్ని మెరుపులో, ఏ మెట్టు దాకా వచ్చి ఆగుతోందో చెప్పండి.

'హీట్ ఎక్స్‌చేంజర్ పగిలింది, కొత్త ఫర్నేస్ పెట్టాలి' అంటే కెమెరాలో చూపించమనండి, ఫొటో తీసుకోండి, వారంటీ కాగితాలు తీయండి. చాలా కంపెనీలు ఆ భాగానికి మిగతా భాగాల కంటే ఎక్కువ ఏళ్ల హామీ ఇస్తాయి. నిజంగా పగిలి ఉంటే ఒక్క రాత్రి కూడా నడపకండి. చూపించలేకపోతే ఇంకొకరిని పిలిచి రెండో మాట వినండి. పదిహేను, ఇరవయ్యేళ్లు దాటిన ఫర్నేస్‌కు ఖరీదైన భాగం వేయించేముందు కొత్తదాని ధర కూడా కనుక్కోవడం తెలివి.

ఏ భాగం మారుస్తానన్నా మీరు అడగాల్సింది ఒక్కటే: "ఇది ఏ మెట్టు దగ్గర ఆగింది, ఎందుకు ఆగింది?" రెంటికీ సూటిగా జవాబు చెప్పినవాడికి అడిగినంత ఇవ్వండి. మొదటిదానికి మాత్రమే చెప్పి భాగం మార్చేసినవాణ్ణి అదే శీతాకాలంలో మళ్లీ పిలవాల్సి వస్తుంది.